యువ రచయితకు లేఖ: పూలమ్మే అవ్వ అడిగిన మాట

నాయనా,

నీ కథ అందింది. నలభై రెండు పేజీలూ చదివాను. మొదటి రాత్రి ఇరవయ్యో పేజీ దాకా వచ్చేసరికి ఒళ్లు మండి, కాగితాలు దిండు కింద పెట్టి పడుకున్నాను. పొద్దున కాఫీ తాగుతూ మళ్లీ తీశాను. ముప్పై ఒకటో పేజీలో, హంపీ విజయనగరం బజారులో పూలమ్ముకునే ఆ ముసలామె దగ్గర ఆగిపోయాను. ఆమె లేకపోతే నీకొక కార్డుముక్క మీద రెండు మాటలు రాసి ఊరుకునేదాన్ని. ఈ ఉత్తరం ఆమె కోసం. "నువ్వు" అంటున్నందుకు ఏమీ అనుకోకు, నా మనవడి వయసు నీది.

నువ్వు రాసిందే నీకు మళ్లీ చెబుతా. రాశావు కానీ ఏం రాశావో చూసుకోకుండా దాటిపోయావు. 2031లో హైదరాబాదు నుంచి కాలయంత్రంలో బయల్దేరిన నీ కుర్రాడు 1565 జనవరి 18న విజయనగరంలో దిగుతాడు. ఇంకో ఐదు రోజుల్లో తాళికోట యుద్ధం. కృష్ణాలయం ముందు బజారులో అతనికి కనబడిన మొదటి మనిషి ఆ ముసలామె. "అవ్వా, ఈ ఊరు తగలబడిపోతుంది, నీ వాళ్లను తీసుకుని వెళ్లిపో" అంటాడు. ఆమె దండ కట్టడం ఆపకుండా, "పోతే నా అంగడి ఎవరు చూసుకుంటారు నాయనా? రేపు శుక్రవారం" అంటుంది.

రేపు శుక్రవారం! ఆ రెండు మాటలు చదివి కాసేపు ఏమీ తోచక కూర్చున్నాను. తర్వాత లెక్క వేసి చూశాను. యుద్ధం జరిగిన జనవరి 23 మంగళవారం. అంటే 18 గురువారమే. లెక్క చూసుకుని రాశావో, చేతికి అలా వచ్చిందో తెలియదు. ఎలా వచ్చినా బాగుంది. మెచ్చుకోవడానికి నా దగ్గరున్నది ఇంతే, ఇక మిగతావి విను.

ఆమె ఆ మాట అన్నాక నీ కుర్రాడు ఏం చేశాడు? "ఈ అమాయకురాలికి ఎలా చెప్పాలి" అని ఒక నిట్టూర్పు విడిచి రాజమందిరం వైపు పరుగెత్తాడు. అర వాక్యం! ఆమెను అర వాక్యంలో వదిలేసి, ఆ రాజ్యాన్ని నిజంగా ఏలుతున్న అళియ రామరాయల దర్బారుకు ఆరు పేజీలు పెట్టావు. నా కోపమంతా అక్కడే.

మా ఊరి సంగతి చెప్పాలి. చెప్పకపోతే నా కోపం నీకు అర్థం కాదు. హంపీ బండల మధ్య నుంచి వచ్చే తుంగభద్ర, కర్నూలు దాటాక కృష్ణలో కలిసి, సంగమేశ్వరం మీదుగా శ్రీశైలం వైపు పోతుంది. ఆ ఒడ్డున ఉండేది మా ఊరు. ఇప్పుడు నీళ్లలో ఉంది. శ్రీశైలం ప్రాజెక్టు కింద నూరుకు పైగా ఊళ్లు మునిగాయి, వాటిలో మాదొకటి. 1981లో నాకు పాతికేళ్లు, నందికొట్కూరులో టీచరుగా ఉండేదాన్ని. శనివారం శనివారం ఊరికి పోయేదాన్ని.

ఊరు మునుగుతుందని మాకు తెలియదనుకున్నావా? నాకు ఊహ తెలిసినప్పటినుంచీ తెలుసు. సర్వే వాళ్లు రాళ్లు నాటి పోయారు. పిల్లలం ఆ రాళ్ల మీద కూర్చుని ఆడుకున్నాం. ఫలానా గుర్తు దాకా నీళ్లొస్తాయని పెద్దలు వేలు పెట్టి చూపించేవారు. ఆ గుర్తుకు కిందనే పెళ్లిళ్లు చేశారు, కొత్త మిద్దెలు కట్టారు, బావులు తవ్వారు. ఆఖరి ఏడాది జీపులో మైకు పెట్టుకుని వచ్చారు. ఫలానా తేదీకల్లా ఖాళీ చెయ్యాలని సందు సందూ తిరిగి చెప్పారు. తలారి వెనకాలే దండోరా వేశాడు. నీ కుర్రాడికి తెలిసిన రహస్యం లాంటిదే అది, తేదీతో సహా. మా ఊరికి రేపటి నుంచి జీపెక్కి మనిషి వచ్చాడు, మైకులో చెప్పాడు. అయినా ఒక్కరూ కదల్లేదు.

మా అవ్వ ఏమందో తెలుసా? అప్పటికి నాలుగు నెలల ముందే పాతరలో జొన్నలు పోసి, పైన మట్టి మెత్తి మూసింది. పాతర ఒకసారి తెరిస్తే గింజలన్నీ పైకి తియ్యాల్సిందే. తీసి ఎక్కడ పెట్టేది? "నేను పోతే పాతరకు ఎవురు కావిలుంటారు?" అంది. జీపులో వచ్చిన అబ్బాయి చదువుకున్నవాడు, మంచివాడు, గొంతు పోయేలా నచ్చజెప్పాడు. మంచినీళ్లు తాగి పొమ్మంది.

నీ పూలమ్మే అవ్వ నోట వచ్చింది ఈ మాటే. నాలుగు వందల ఏళ్లు ముందుకు జరిపినా అదే మాట. నువ్వు కల్పించానని అనుకుని ఉంటావు. మా అవ్వ నోట ఈ చెవులతో విన్న మాట అది.

అందుకే నేను గట్టిగా చెప్పేది ఒకటుంది. కాలంలో వెనక్కి వెళ్లినవాడి కథలో కష్టం వెళ్లడంలో లేదు, తెలియడంలోనూ లేదు. తెలిసినది చెప్పినా కదలని గడప దగ్గర ఉంది. ముందే తెలిస్తే ఆపేసేవాళ్లమని అందరూ అనుకుంటారు. ముందే తెలిసిన ఊళ్లో పుట్టినదాన్ని కనుక నేను అనుకోను. నీ కుర్రాడికి తేదీ తెలుసు, ఊరు తెలియదు. ఎవరి కొట్టుకు ఎవరు కాపలా, ఎవరి పురుడు ఏ నెలలో, ఎవరు ఎవరికి ఎంత బాకీ, ఏ ఇంట్లో మంచం పట్టిన ముసలాయన ఉన్నాడు, ఇవి తెలియకుండా ఒక్కరిని కూడా బయటికి తీసుకురాలేడు.

ఇక నీ దర్బారు. నీ కుర్రాడు రామరాయల ఎదుట నిలబడి, "నలుగురు సుల్తానులు ఏకమవుతున్నారు" అని ఏదో బయటపెడుతున్నట్టు చెబుతాడు. సభ అంతా దిగ్భ్రాంతి చెందుతుంది. ఎందుకు చెందుతుంది నాయనా? ఆ నలుగురూ తాళికోట దగ్గర కలిసి దండు కట్టిన సంగతి రామరాయలకు నీ కుర్రాడికంటే బాగా తెలుసు. దశాబ్దాలుగా ఆ సుల్తానులలో ఒకరి మీదికి ఒకరిని ఎగదోసిన మనిషి అతను. కృష్ణ రేవులు కాయడానికి తమ్ముడు తిరుమలను సైన్యంతో ముందే పంపాడు. అవతలి వాళ్లు వేరే రేవు వైపు పోతున్నట్టు నది వెంబడి నడిచి, కాపలా వాళ్లను అటు లాగి, గిరుక్కున వెనక్కి తిరిగి మొదటి రేవులో దాటారు. తెలియక ఓడిపోలేదు. తెలిసి, కాపలా పెట్టి, అయినా ఓడిపోయారు. రామరాయలు ముసలివాడు, గుర్రమెక్కమని చెప్పినా పల్లకీ దిగలేదంటారు. ఏనుగు మీదికొస్తే బోయీలు పల్లకీ వదిలేసి పారిపోయారు, పట్టుకుపోయి తల తీశారు. అలాంటి మనిషికి 2031 నుంచి వచ్చినవాడు కొత్తగా ఏం చెబుతాడు?

పైగా ఆ ఆరు పేజీల్లో మాటలన్నీ నాటకాల మాటలు. "ఓ పరదేశీ, నీవెవ్వడవు?" అంటాడు కావలివాడు. ఆ ఊళ్లో కన్నడం, తెలుగు, అరవం అన్నీ నలిగేవి. నీ హైదరాబాదు కుర్రాడికి మొదట చెవిన పడేది కన్నడమే. ఆ తర్వాత వినబడిన తెలుగు కూడా సగమే అర్థమవుతుంది. ఆ సగం అర్థంకానితనాన్ని రాసి ఉంటే ఎంత బాగుండేది! పూలామె అన్నదాంట్లో "శుక్రవారం" ఒక్కటే అతనికి తెలిసిందనుకో, అది చాలు.

ఆ నలుగురిలో ఒకడైన ఇబ్రహీం కుతుబ్ షాను రాసిన తీరు నన్ను ఇంకా బాధపెట్టింది. కళ్లెర్రజేసి, మీసం మెలేసి, కాల్చండి కూల్చండి అనే బొమ్మను చేశావు. ఆయన గోల్కొండ గద్దెనెక్కక ముందు ఏడేళ్లు విజయనగరంలోనే తలదాచుకున్నాడు. రామరాయలే ఆశ్రయమిచ్చాడు. ఆ బజారుల్లో తిరిగాడు, ఆ ఊరి అన్నం తిన్నాడు, తెలుగు నేర్చాడు. తెలుగు కవులు ఆయన్ని మల్కిభరాముడని పిలుచుకున్నారు, కావ్యం అంకితమిచ్చారు. బిజాపురం అలీ ఆదిల్ షా కూడా ఒకప్పుడు రామరాయల ఇంటికి వచ్చి కొడుకులా మర్యాదలు పొందినవాడే. ఆ నగరంలో ముస్లిం సైనికులున్నారు, సేనానులున్నారు. 1439లో అహ్మద్ ఖాన్ అనే అధికారి కట్టించిన మసీదు ఇప్పటికీ హంపీలో ఉంది. ఆ మసీదు పక్కన కాపురమున్న వాళ్లు ఆ జనవరిలో ఏమనుకున్నారు, ఎటు పోయారు? నీ కథలో వాళ్లే లేరు. ఊరిని సగం చేసేసి, ఆ సగాన్ని కాపాడతానంటున్నావు.

ఇబ్రహీం గురించి నేను చాలా రోజులు ఆలోచించాను. ఒక ఊళ్లో ఏడేళ్లు బతికి, ఆ ఊరి మీదికే దండెత్తి వచ్చినవాడు. ఏ సందు ఎటు పోతుందో దండు మొత్తంలో అతనికి తెలిసినంత ఎవరికి తెలుసు? నీ కుర్రాడికి తేదీ తెలిసి ఊరు తెలియదు, అతనికి ఊరు బాగా తెలుసు. ఈ ఇద్దరినీ ఒక్క రాత్రి ఎదురెదురుగా కూర్చోబెట్టగలిగితే ఆ ఆరు పేజీల దర్బారు నీకే అక్కర్లేదనిపిస్తుంది. నాకు రాయాలని ఉండేది. ఇప్పుడు ఓపిక లేదు, నువ్వు తీసుకో.

నీ మొదటి పదకొండు పేజీలు యంత్రమే. నీలం వెలుగు, తిరిగే చక్రాలు, అంకెలు. అవన్నీ తీసెయ్. మా అవ్వ చెప్పిన కథల్లో రాజకుమారుడు కీలుగుర్రం ఎక్కి ఏడు సముద్రాలు దాటేవాడు. ఆ కీలు ఏ లోహంతో చేశారని మేమెవరం అడగలేదు. దిగాక వాడికి దాహమేసిందా, నీళ్లెవరిచ్చారు అని అడిగేవాళ్లం. ఈ యంత్రాల వర్ణన ఇప్పటి మోజు. మా కాలంలో వేరే మోజు ఉండేది. 1980లలో ఏ వారపత్రిక తెరిచినా చేతబడి, నిమ్మకాయలు, అర్ధరాత్రి శ్మశానం. అవి లేని కథ పంపితే సంపాదకులు కవరు తిప్పి పంపేవారు. ఇప్పుడు చివర్లో మలుపు లేకపోతే కథే కాదంటున్నారట. నీ ఆఖరి పేజీలో మలుపు కూడా ఆ భయంతో పెట్టిందేనని తెలుస్తూనే ఉంది.

ఆ ఆఖరి పేజీ గురించే నిన్ను కూర్చోబెట్టి మాట్లాడాలి. పూలామెను మంటల్లో చంపేశావు. దండ చేతిలో ఉండగానే నిప్పంటుకుందని రాశావు. ఎందుకు చంపావు?

నా తప్పు ఒకటి చెబుతా. ఊరు మునిగిన మరుసటి ఏడాది మా అవ్వ మీద కథ రాశాను. ఒక వారపత్రికకు పంపితే మూడుసార్లు తిరిగొచ్చింది. మూడోసారి సంపాదకుడు పక్కన ఎర్ర సిరాతో రాశాడు: ముంపు కథలు పాఠకులకు విసుగు, ముసలావిడ ఊరు వదలక నీళ్లలో మునిగి చనిపోయినట్టు మార్చితే వేసుకుంటాం అని. నాకు అచ్చులో పేరు చూసుకోవాలని ఉండేది. మార్చాను. ఒక తుఫాను రాత్రి పెట్టాను, అవ్వ పాతర మీద పడుకుని మునిగిపోయింది. వేశారు, బొమ్మ కూడా వేశారు. ఉత్తరాలొచ్చాయి, కన్నీళ్లు పెట్టుకున్నామని.

నీళ్లు అలా రాలేదు నాయనా. చాలా నిదానంగా వచ్చాయి. ఒకరోజు దిగువ చేను, వారం తర్వాత ఆ చేలోని బావి, తర్వాత ఊరి బయట చింతతోపు. తేళ్లు, పాములు గట్టు మీదికి వచ్చి మాతోపాటే కూర్చున్నాయి. జనం తమ ఇళ్లు తామే ఊడదీసుకున్నారు. వాకిళ్లు, దూలాలు, దంతెలు బండ్ల మీద వేసుకున్నారు. అవ్వ చివరికి పాతర తానే తెరిచింది. గింజలన్నీ చుట్టుపక్కల ఇళ్లకు కొలిచి ఇచ్చింది. భూమిలో పాతిన రోలు మాత్రం పెకలించలేక వదిలేసి, విసుర్రాయి బండిలో పెట్టించుకుని వచ్చింది. పునరావాస కాలనీలో రేకుల ఇంట్లో ఇంకో ఏడేళ్లు బతికింది. ఆ ఏడేళ్లూ పొద్దున లేచి వాకిట్లో నిలబడి, ఎటు తిరిగి ముగ్గు వెయ్యాలో తేల్చుకోలేకపోయేది. పాత ఇంట్లో వాకిలి తూర్పు, ఇక్కడ ఉత్తరం.

నా కథ అచ్చయిన పత్రికను పక్కింటి పిల్ల ఆమెకు చదివి వినిపించిందట. నేను పోయినప్పుడు తిట్టలేదు. జొన్నరొట్టె పెట్టి, పక్కన కూర్చుని అడిగింది: "నన్నెందుకు సంపినావే? నేనింకా ఉండా గదా."

ఇప్పటికి నలభై ఏళ్లు దాటింది. ఆ కథను ఏ సంపుటిలోనూ చేర్చలేదు. ఎవరైనా మెచ్చుకుంటే లేచి వంటింట్లోకి పోతాను.

అందుకే అడుగుతున్నా. నీ పూలామెను చంపమని నీకు ఎర్ర సిరాతో ఎవరూ రాయలేదు కదా. నీ అంతట నువ్వే ఎందుకు చంపుకున్నావు? చచ్చిపోతేనే పాఠకుడు ఏడుస్తాడని నీకూ ఎవరో నేర్పారు. వాళ్లెవరో నాకు తెలుసు, నాకు నేర్పినవాళ్లే.

ఒక్క రాత్రిలో నగరం బూడిదైందని రాశావు. అలా కాలేదు. యుద్ధం జరిగింది కృష్ణ ఒడ్డున, రాక్షసి-తంగడి దగ్గర. అక్కడికీ విజయనగరానికీ మధ్య నూరు కిలోమీటర్లకు పైనే. ఓడిపోయిన కబురు ముందొచ్చింది. రామరాయల తమ్ముడు తిరుమల, పేరుకు రాజుగా ఉన్న సదాశివరాయల్ని వెంటబెట్టుకుని, ఖజానా ఏనుగుల మీదికెక్కించి పెనుకొండ దారి పట్టాడు. ఐదు వందల యాభై ఏనుగులని చరిత్రకారుడు సూయెల్ 1900లో అచ్చువేసిన తన పుస్తకంలో రాశాడు. అన్ని ఏనుగులు ఊళ్లోంచి పోతుంటే జనానికి కనబడలేదా? ఒకటి వెనక ఒకటి నడిచిపోతుంటే ఎంతసేపు పడుతుంది? పూలామె అంగడి ముందు నుంచే పోయి ఉంటాయి. ఆమె లేచి బుట్ట పక్కకు జరుపుకుని దారిచ్చి ఉంటుంది. ఊరు పోతుందని చెప్పడానికి నీ కుర్రాడెందుకు? ఏనుగులే చెప్పాయి. అయినా జనం ఉండిపోయారు. చుట్టూ కొండలు, ఏడు ప్రాకారాలు, రెండు వందల ఏళ్లుగా శత్రువు చేతికి చిక్కని ఊరు. ముందు దోపిడీ దొంగలు వచ్చి పడ్డారు, ఆ తర్వాత దండు వచ్చింది. నెలల తరబడి సాగింది.

ఏనుగులు వెళ్లిపోయిన పూటకూ దొంగలు వచ్చిన పూటకూ మధ్య ఉన్న ఆ ఒకటి రెండు రోజులే నీ కథ. ఆ రోజుల్ని నువ్వు ముట్టుకోలేదు. నీ కుర్రాడు అప్పుడు దర్బారులో లేని రాజుకోసం వెతుకుతున్నాడు.

ఇంకొకటి. 1567లో, అంటే రెండేళ్ల తర్వాత, వెనిస్ నుంచి సీజర్ ఫెదరీచి అనే వర్తకుడు విజయనగరానికి వచ్చాడు. దారుల్లో దొంగల భయానికి ఏడు నెలలు అక్కడే ఉండిపోయాడు. ఇళ్లు పూర్తిగా కూలలేదు, నిలబడే ఉన్నాయి, కానీ ఖాళీగా ఉన్నాయి, పులులూ అడవి మృగాలూ తిరుగుతున్నాయి అని రాసిపెట్టాడు. తిరుమల పెనుకొండ నుంచి మళ్లీ వచ్చి ఊరు నిలబెట్టాలని చూశాడు. గుర్రాలు తెస్తే ధర ఇస్తానని వర్తకులకు కబురు పెట్టి, తెచ్చాక డబ్బివ్వలేదు. అంత చేసినా జనం రాలేదు. మంట ఎంత కాల్చిందో గానీ, నా లెక్కలో ఆ ఊరు పోయింది మాత్రం జనం తిరిగి రానప్పుడే. మా ఊరి వాళ్లకు తిరిగి పోవడానికి నేల లేదు. విజయనగరం వాళ్లకు నేల ఉంది, ఇళ్లున్నాయి, విరూపాక్షుడి గుడి చెక్కుచెదరకుండా ఉంది, నది ఉంది. అయినా పోలేదు. నీ కుర్రాడిని జనవరి 18న కాక, రెండేళ్లు ఆలస్యంగా దింపి చూడు. యంత్రం లెక్క తప్పిందను. ఆ ఖాళీ బజారులో ఎవరినీ కాపాడడానికి లేదు, ఎవరినైనా వెనక్కి పిలుచుకురావాలి. పూలామె ఏ ఊళ్లో తలదాచుకుందో వెతుక్కుంటూ పోవాలి. ఆమె దొరికితే, "శుక్రవారం గుడికి ఎవరొస్తారు నాయనా, నేను పూలు పట్టుకుని వస్తే?" అంటుందేమో. నాకు తెలియదు, నీ మనిషి కదా, నువ్వే విను.

చిన్నవి కొన్ని ఉన్నాయి, గబగబా చెప్పేస్తా. పూలామె ఉడికించిన శనక్కాయలు ఒలుచుకు తింటోందని రాశావు. వేరుశనగ అమెరికా ఖండం పంట. ఇప్పుడు సీమంతా అదే కాబట్టి ఎప్పుడూ ఉందనుకుంటాం. అప్పటికి బజారులో పెట్టి అమ్మేంత లేదు. పేలాలు పెట్టు. పూలకు బంగారు వరహా ఇచ్చాడన్నావు, పూలమ్ముకునే మనిషికి అది చాలా పెద్ద మొత్తం. వరహాకు కింద ప్రతాపం, దాని కింద పణం, ఆ కింద రాగి నాణేలు ఉండేవి. రాగినాణెం ఇప్పించు. పారశీక రాయబారి అబ్దుర్ రజాక్ 1443లో వచ్చినప్పుడు ఈ ఊరి వాళ్లు గులాబీలు లేకుండా బతకలేరని, తిండిలాగే అవీ కావాలని రాశాడు. నీ ముసలామె బుట్టలో చామంతులు, మల్లెలు ఉన్నాయి కానీ గులాబీలు లేవు. పెట్టు.

హంపీకి పోయి వచ్చానని రాశావు, ఫొటోలు కూడా పంపావు. రాతిరథం, కమల మహల్, ఏనుగుల కొట్టాలు. ఇంకోసారి పోతే మెట్ల పుష్కరిణి దగ్గర కూర్చో. నల్లరాయి మెట్ల మీద, ఏ రాయి ఏ వైపు ఏ వరుసలో పెట్టాలో పనివాళ్లు చెక్కుకున్న గుర్తులు ఇంకా ఉన్నాయి. అది 1980లలో తవ్వకాల్లో బయటపడింది. మా ఊరు నీళ్లలోకి పోయిన ఆ రోజుల్లోనే, అదే నదికి ఎగువన, అది మట్టిలోంచి పైకొచ్చింది. మొదటిసారి చూసినప్పుడు ఆ గుర్తుల మీద చెయ్యి పెట్టి చాలాసేపు కూర్చున్నాను. ఎవడో మేస్త్రీ, రాయి తారుమారు కాకూడదని రాసుకున్నాడు. నీ కుర్రాడు కలుసుకోవలసింది అలాంటివాడిని. రాజుల్ని వదిలెయ్.

నగరాన్ని కాపాడితే చరిత్ర మారి వాడు పుట్టకుండా పోతాడు కదా అన్న చిక్కు గురించి రెండు పేజీలు అడిగావు. ఏ పత్రికకు పంపాలి, నవలగా పెంచాలా అని కూడా అడిగావు. వాటి గురించి మళ్లీ ఎప్పుడైనా.

నీ రాతప్రతి స్పీడ్ పోస్టులో తిప్పి పంపుతున్నాను. పక్కన పెన్సిలుతో గీసినవి నావే, ఎర్ర సిరా వాడలేదు. ముప్పై ఒకటో పేజీలో ఏమీ గియ్యలేదు.

మే నెలలో నీళ్లు బాగా తగ్గుతాయి. సంగమేశ్వరుడి గుడి పైకొస్తుంది, వేపచెట్టు మొద్దుతో చేసిన ఆ లింగానికి పూజలు మొదలవుతాయి. ఇంకా తగ్గిన ఏడాది మా ఊరి మిద్దెల పునాదులు కూడా తేలుతాయి. పోయినసారి వెళ్లినప్పుడు బురద గీకితే మా అవ్వ రోలు కనబడింది. మా వాళ్లు ఎవరెవరో వచ్చి తమ వాకిలి ఎక్కడుండేదో వెతుక్కుంటూ తిరుగుతుంటారు. నీకు వీలైతే అప్పుడు రా. నందికొట్కూరు బస్టాండులో దిగి ఫోన్ చెయ్యి, మా అబ్బాయిని మోటారు సైకిలు మీద పంపుతాను. ఎండ ఎక్కకముందే పోయి రావాలి, కనుక ముందు రోజు రాత్రికే చేరుకో.

ఆశీస్సులతో